2147483647: ఈ సంఖ్యకి ఏది సహజ లక్షణం, ఏది కాకతాళీయం?

నిశిత

2147483647. చదివితే రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. ప్రోగ్రాములు రాసేవాళ్లు దీన్ని ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు.

దీని గురించి వెతికితే లక్షణాల జాబితాలు బారెడు దొరుకుతాయి. ప్రధాన సంఖ్య, మెర్సెన్ ప్రధాన సంఖ్య (2 ఘాతంలోంచి 1 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్య), డబుల్ మెర్సెన్, అంకెల మొత్తం 46, బైనరీలో ఎటు నుంచి చదివినా ఒకటే, ఇంకా ఏవేవో. అన్నీ నిజమే. కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టేయడం నాకు నచ్చలేదు. దేని నుంచి ఏది పుట్టింది, ఏది ఊరికే కలిసొచ్చింది అన్నది విడదీసి చూడాలని ఉంది. ఓపిక ఉన్నవాళ్లు లెక్కలతో సహా రాయండి.

లెక్కలమాస్టారు

ముందు ఆ 46 సంగతి తేల్చేద్దాం నిశిత గారూ. అది సంఖ్య లక్షణం కాదు, మనం పదుల్లో రాసుకునే పద్ధతి లక్షణం. ఇదే సంఖ్యని ఎనిమిదుల పద్ధతిలో రాస్తే 17777777777 అవుతుంది, మొత్తం 71. బైనరీలో రాస్తే వరసగా 31 ఒకట్లు, మొత్తం 31. ఎటు నుంచి చదివినా ఒకటే అనడం కూడా ఇక్కడిదే. అన్నీ ఒకట్లే అయినప్పుడు ఇంకెలా ఉంటుంది?

అసలు విషయం రెండు ముక్కల్లో ఉంది. ఇది 2^31 − 1, పైగా ఇది ప్రధాన సంఖ్య. ఈ రెండో ముక్క మాత్రం తేరగా రాలేదు. 2^ప − 1 ప్రధాన సంఖ్య కావాలంటే ముందు ప ప్రధాన సంఖ్య అయి తీరాలి. ఎందుకంటే ప ని క × గ గా విడగొట్టగలిగితే, 2^క − 1 దాన్ని శేషం లేకుండా భాగిస్తుంది. కానీ ప ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన చాలదు. 11నే చూడండి: 2^11 − 1 = 2047 = 23 × 89.

31 విషయంలో చాలాకాలం ఎవరికీ తెలియదు. ఇటలీకి చెందిన కటాల్డీ 2^17 − 1, 2^19 − 1 రెండూ ప్రధాన సంఖ్యలని సరిగ్గా చూపించాడు. 1603లో ఇంకో అడుగు ముందుకు వేసి 23, 29, 31, 37లకు కూడా అంతే అన్నాడు. 1640లో ఫెర్మా 23నీ 37నీ కొట్టేశాడు (2^23 − 1 = 47 × 178481). 1738లో ఆయిలర్ 29ని కొట్టేశాడు (233 × 1103 × 2089). నాలుగింట్లో 31 ఒక్కటే మిగిలింది. అది నిజంగా ప్రధాన సంఖ్యే అని 1772లో ఆయిలరే తేల్చాడు. అప్పటికి ఆయన చూపు దాదాపు పోయింది.

బిట్‌లోకం

మాస్టారూ, ఒక సందేహం. ఇది ప్రధాన సంఖ్య అని చెప్పాలంటే దీని వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి కదా? వర్గమూలం 46340 దాటుతుంది. అంతవరకు ప్రధాన సంఖ్యలు నాలుగు వేల ఏడు వందలకు పైగా ఉంటాయి. కాగితం మీద అన్ని భాగహారాలు చేశారంటే నమ్మబుద్ధి కావడం లేదు.

లెక్కలమాస్టారు

అన్నీ చెయ్యక్కర్లేదు. ఈ సంఖ్య మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

2^31 − 1కి భ అనే ప్రధాన సంఖ్య కారణాంకం అనుకుందాం. అంటే భ తో భాగిస్తే 2^31కి శేషం 1. 31 ప్రధాన సంఖ్య కాబట్టి, 2 ఘాతాలు మళ్లీ శేషం 1 దగ్గరికి రావడానికి సరిగ్గా 31 అడుగులు పడుతుంది, అంతకన్నా ముందు రాదు. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 2^(భ − 1)కి కూడా శేషం 1. కాబట్టి భ − 1ని 31 భాగించాలి. భ బేసి కనుక భ − 1 సరి. వెరసి భ − 1ని 62 భాగించాలి.

ఇది మొదటి వల. రెండోది ఇంకా బాగుంటుంది. 2^31కి శేషం 1 అయితే 2^32కి శేషం 2. కానీ 2^32 అంటే 2^16కి వర్గం. అంటే భ దృష్టిలో 2 ఒక వర్గ సంఖ్య. అలా జరగాలంటే భ ని 8తో భాగించినప్పుడు శేషం 1 గానీ 7 గానీ రావాలి.

రెండూ కలిపితే భ ని 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 మాత్రమే. 46340 లోపు ఈ రెండు వరసల్లో ఉండే సంఖ్యలు, 1నీ 63నీ వదిలేస్తే, 372. వాటిలోంచి మళ్లీ సంయుక్త సంఖ్యలు తీసేస్తే దాదాపు ఎనభై మిగులుతాయి. నాలుగు వేల ఏడు వందల పైచిలుకు భాగహారాలు ఎనభైకి దిగాయి. ఇది ఒక మనిషి చెయ్యగలిగిన పనే.

మేధామథనం

మాస్టారు చెప్పినవి వరసగా రాసి చూశాను. 249 = 3 × 83, పోయింది. 311 ప్రధాన సంఖ్య, ఉంచాలి. 497 = 7 × 71, 559 = 13 × 43, 745, 807, 993, 1055, 1241 అన్నీ పోయాయి. తర్వాత నిలిచినవి 1303, 1489.

311ని పూర్తిగా చేసి చూపిస్తాను. పెద్ద భాగహారం అక్కర్లేదు, శేషాలతో నడిస్తే చాలు.

2^8 = 256. 311తో చూస్తే అది −55.
2^16 అంటే 55 × 55 = 3025, శేషం 226, అంటే −85.
2^24 అంటే (−55) × (−85) = 4675, శేషం 10.
2^31 అంటే 10 × 128 = 1280, శేషం 36.

ఒకటి తీసేస్తే 35. సున్నా కాలేదు, కాబట్టి 311 కారణాంకం కాదు. ఇలా మిగతా ఎనభై కూడా చేసుకుంటూ పోవాలి. ఒక్కోటి నాలుగైదు గుణకారాలే. చేసి చూస్తేనే గానీ ఆ తెలివి ఎంతటిదో అర్థం కాదు.

చిన్నప్రశ్న

8తో భాగిస్తే 1 లేదా 7 అన్నది అర్థం కావడానికి చిన్న ఉదాహరణ ఏమైనా ఇస్తారా?

మేధామథనం

7ని తీసుకోండి. 3 × 3 = 9, శేషం 2. కాబట్టి 7 దృష్టిలో 2 వర్గం. 17తో 6 × 6 = 36, శేషం 2. అదీ వర్గమే. 5తో చూడండి: వర్గాల శేషాలు 0, 1, 4 మాత్రమే, 2 ఎప్పటికీ రాదు. 11తో 0, 1, 3, 4, 5, 9 వస్తాయి, 2 రాదు. 7, 17లను 8తో భాగిస్తే శేషాలు 7, 1. 5, 11లను భాగిస్తే 5, 3. మాస్టారు చెప్పిన 23, 89 కూడా సరిపోతాయి: శేషాలు 7, 1.

బిట్‌లోకం

ఇప్పుడు నా వైపు నుంచి. కంప్యూటర్లో 32 బిట్లలో గుర్తుతో సహా పూర్ణాంకాన్ని దాచుకుంటే ఒక బిట్ గుర్తుకి పోతుంది, మిగిలిన 31 బిట్లలో పట్టే పెద్ద సంఖ్య ఇదే. దీనికి 1 కలిపితే చాలా యంత్రాల్లో −2147483648 అయి కూర్చుంటుంది. 2038 సమస్య అని వినే ఉంటారు. 1970 జనవరి 1 అర్ధరాత్రి, అంటే అంతర్జాతీయ సమయం ప్రకారం 0 గంటల నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత వ్యవస్థలకి ఈ సంఖ్య దగ్గర చోటు అయిపోతుంది.

ఎప్పుడో లెక్క వేద్దాం. రోజుకి 86400 సెకన్లు. 24855 రోజులకి 2147472000. మిగిలినవి 11647 సెకన్లు, అంటే 3 గంటల 14 నిమిషాల 7 సెకన్లు. ఆ రోజు 2038 జనవరి 19. అంతర్జాతీయ సమయం తెల్లవారుజామున 3:14:07.

నాకు అనిపించేది ఏమిటంటే, కంప్యూటర్లు ఇలా ఉండటానికీ ఈ సంఖ్య ప్రధాన సంఖ్య కావడానికీ ఏదో లోతైన సంబంధం ఉండి ఉండాలి.

లెక్కలమాస్టారు

లేదండీ, అది ముమ్మాటికీ కాకతాళీయమే. బిట్ల సంఖ్యని 8, 16, 32, 64 అని రెట్టింపు చేసుకుంటూ పోయారు, అందులో ఒకటి గుర్తుకి పోయింది. 16 బిట్లకి మిగిలేది 2^15 − 1 = 32767 = 7 × 31 × 151. 64 బిట్లకి 2^63 − 1, దాన్ని 7 రెండుసార్లు భాగిస్తుంది, ఇంకా 73, 127, 337, 92737, 649657 ఉన్నాయి. 15, 63 సంయుక్త సంఖ్యలు కాబట్టి అవి ప్రధాన సంఖ్యలు అయ్యే అవకాశమే లేదు. 8 బిట్లకి 127, 32 బిట్లకి ఇది, ఈ రెండే ప్రధాన సంఖ్యలయ్యాయి. యంత్రాలు కట్టినవాళ్లు ప్రధాన సంఖ్య కావాలని 32ని ఎంచుకోలేదు.

బిట్‌లోకం

పుట్టుక కాకతాళీయమే అనుకుందాం. కానీ దొరికినదాన్ని వాడుకున్న తీరు కాకతాళీయం కాదు. యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే పాత పద్ధతి ఒకటి ఉంది, లెహ్మర్ పద్ధతి అంటారు. చేతిలో ఉన్న సంఖ్యని ఒక స్థిర సంఖ్యతో గుణించి, 2147483647తో భాగించి, శేషాన్ని తర్వాతి సంఖ్యగా తీసుకోవడం. 1988లో పార్క్, మిల్లర్ ఇద్దరూ గుణకంగా 16807 వాడమని సూచించారు. అది 7^5. దాంతో 1 నుంచి 2147483646 వరకు ప్రతి సంఖ్యా ఒక్కోసారి వచ్చాకే వరస మళ్లీ మొదటికి వస్తుంది.

ఇంకో సౌకర్యం ఏమిటంటే, ఈ సంఖ్యతో శేషం కట్టడానికి నిజంగా భాగహారం చెయ్యనక్కర్లేదు. 2^31కి శేషం 1 కాబట్టి, పెద్ద సంఖ్యలో కింది 31 బిట్లనీ పై బిట్లనీ విడగొట్టి కూడితే సరిపోతుంది. ఇది 2^31 − 1 రూపం వల్ల వచ్చింది. పూర్తి చుట్టు రావడం ప్రధాన సంఖ్య కావడం వల్ల వచ్చింది. రెండూ ఒకేచోట దొరకడం అరుదు.

నిశిత

ఇదే నేను అడిగిన విడదీత! అయితే 16807 బదులు గుణకంగా 2 వాడితే?

మేధామథనం

అంతకన్నా పనికిరాని ఎంపిక ఉండదు. 2^31కి శేషం 1 కదా, 31 అడుగుల్లో మొదటికి వచ్చేస్తుంది. బైనరీలో చూస్తే 2తో గుణించడం అంటే 31 బిట్ల గొలుసుని ఒక స్థానం చుట్టూ తిప్పడమే.

పూర్తి చుట్టు వస్తుందా రాదా అనేది 2147483646 కారణాంకాలతో చూసుకుంటారు: 2 × 3 × 3 × 7 × 11 × 31 × 151 × 331. ఇక్కడ 7, 31, 151 కనబడ్డాయి చూడండి. పైన మాస్టారు రాసిన 32767 = 7 × 31 × 151 మొత్తంగా ఇందులో ఇమిడి ఉంది. 2147483646 = 2 × (2^30 − 1), ఆ 2^30 − 1ని 2^15 − 1 భాగిస్తుంది. ఇది మాత్రం కాకతాళీయం కాదు.

నిశిత

పొరుగు సంఖ్యల మాట వచ్చింది కాబట్టి, నేను కూడా అటూ ఇటూ చూశాను. రెండు తీసేస్తే 2147483645, 5తో పోతుంది. రెండు కలిపితే 2147483649 = 3 × 715827883. కాబట్టి దీనికి కవల ప్రధాన సంఖ్య లేదు. రెట్టింపు చేసి 1 కలిపితే 4294967295 = 3 × 5 × 17 × 257 × 65537. కాబట్టి సోఫీ జెర్మెయిన్ ప్రధాన సంఖ్య కూడా కాదు.

ఈ ఐదు కారణాంకాలని చూసి చాలాసేపు ఆగిపోయాను. ఇప్పటిదాకా తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు (2^1, 2^2, 2^4, 2^8 ఇలా ఘాతం రెట్టింపవుతూ పోయేవాటికి 1 కలిపితే వచ్చే ప్రధాన సంఖ్యలు) ఈ ఐదే!

లెక్కలమాస్టారు

ఆగిపోవాల్సిన చోటే అది. స్కేలూ కంపాస్ మాత్రమే వాడి గీయగలమని ఇప్పటివరకు తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజుల్లో అన్నిటికన్నా పెద్దదానికి 4294967295 భుజాలు ఉంటాయి.

దానికి ఇంకో 2 కలపండి. 4294967297 వస్తుంది, అంటే 2^32 + 1. ఇది కూడా ప్రధాన సంఖ్యే అని ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641 × 6700417 అని విడగొట్టాడు. 1772లో మన సంఖ్య వచ్చేదాకా తెలిసిన అతిపెద్ద ప్రధాన సంఖ్య ఆ 6700417. నలభై ఏళ్ల తేడాతో రెండు ఘనతలూ ఒకే మనిషివి, రెండూ 2^32 చుట్టుపక్కలే.

నిశిత గారు రాసిన 715827883 కూడా ప్రధాన సంఖ్యే, దాన్ని వాగ్‌స్టాఫ్ ప్రధాన సంఖ్య అంటారు.

వర్గవిలాసం

ఆలస్యంగా వచ్చాను. వర్గాల వైపు ఎవరూ వెళ్లలేదు కాబట్టి నేను రాస్తాను. 2147483647ని 8తో భాగిస్తే శేషం 7. ఇలాంటి సంఖ్యని రెండు వర్గాల మొత్తంగా గానీ మూడు వర్గాల మొత్తంగా గానీ రాయలేం. ఏ ధన పూర్ణాంకానికైనా నాలుగు వర్గాలు చాలునని 1770లో లగ్రాంజ్ నిరూపించాడు. కాబట్టి దీనికి సరిగ్గా నాలుగు కావాలి. కూర్చుని వెతికితే ఇది దొరికింది:

46339² + 425² + 10² + 1²

సరిచూసుకోండి: 2147302921 + 180625 + 100 + 1 = 2147483647.

మొదట 46340తో మొదలుపెట్టాలనిపిస్తుంది, వర్గమూలానికి అదే దగ్గర కాబట్టి. కానీ దాని వర్గాన్ని 8 నిశ్శేషంగా భాగిస్తుంది. తీసేశాక మిగిలే 88047కి మళ్లీ శేషం 7, దాన్ని మూడు వర్గాలతో నింపలేం. అందుకే ఒక మెట్టు దిగి బేసి సంఖ్య పట్టుకోవాలి.

ఇది కూడా రూపం నుంచి వచ్చిందే. 2^31ని 8 భాగిస్తుంది, ఒకటి తగ్గిస్తే శేషం 7 కాక ఏమవుతుంది?

చిన్నప్రశ్న

ఆయిలర్ పద్ధతి కాకుండా ఇప్పుడు ఎలా చూస్తారు?

మేధామథనం

లూకాస్–లెహ్మర్ పరీక్ష. 4తో మొదలుపెట్టాలి. ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. 2^ప − 1కి ఇలా ప − 2 సార్లు చేశాక సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. 127తో చేస్తే: 4, 14, 67, 42, 111, 0. ఐదు అడుగులు. 2147483647కి 29 అడుగులు, అంతే. 2024 అక్టోబర్‌లో ప్రకటించిన 2^136279841 − 1 నిర్ధారణ కూడా చివరికి ఈ పరీక్షతోనే జరిగింది. దానికి 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలు ఉన్నాయి.

లెక్కలమాస్టారు

పరిపూర్ణ సంఖ్యల సంగతి ఒక్క మాట. తనని వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్లీ తనే వచ్చే సంఖ్య పరిపూర్ణ సంఖ్య (6 = 1 + 2 + 3 లాగా). మెర్సెన్ ప్రధాన సంఖ్య దొరికితే దానితో పాటు ఒక పరిపూర్ణ సంఖ్య కూడా దొరుకుతుంది. మనది ఎనిమిదో మెర్సెన్ ప్రధాన సంఖ్య కాబట్టి 2^30 × (2^31 − 1) = 2305843008139952128 ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య. ఇంతకన్నా పెద్దది ఎవరూ ఎప్పటికీ కనిపెట్టబోరని, అలాంటివి వింతలే తప్ప ఉపయోగం లేనివని 1811లో బార్లో అనే గణితవేత్త రాశాడు. 1876లో లూకాస్ 2^127 − 1 ప్రధాన సంఖ్య అని చూపించాడు.

నిశిత

చివరిగా డబుల్ మెర్సెన్ మిగిలింది. 31 కూడా 2^5 − 1 కదా. అంటే ఇది మెర్సెన్ మీద మెర్సెన్. ఇంకో అంతస్తు కడితే, అంటే 2^2147483647 − 1 ప్రధాన సంఖ్య అవుతుందా?

మేధామథనం

కాదు. దాంట్లో 64 కోట్లకు పైగా అంకెలు ఉంటాయి, అయినా ఒక కారణాంకం తెలుసు: 295257526626031.

మాస్టారు చెప్పిన రెండు వలలూ దీనికి సరిపోతాయో లేదో చూడండి. 137490 × 2147483647 + 1 చేస్తే సరిగ్గా ఇదే వస్తుంది. 8తో భాగిస్తే శేషం 7. ఆయిలర్ 31కి వాడిన వాదమే, 31 బదులు 2147483647 పెట్టాం, అంతే తేడా.

బిట్‌లోకం

అంత పెద్ద సంఖ్యని రాయనే లేం కదా, అది భాగిస్తుందని ఎలా సరిచూడాలి?

మేధామథనం

రాయక్కర్లేదు. 2తో మొదలుపెట్టి 31 సార్లు వర్గం చెయ్యండి. ప్రతిసారీ 295257526626031తో భాగించి శేషం మాత్రం ఉంచుకోండి. 31 సార్లు అయ్యాక చేతిలో ఉండేది 2^(2^31) శేషం. అది మళ్లీ 2 అయితే పని అయిపోయినట్టే, ఎందుకంటే ఒక 2 కొట్టేస్తే 2^(2^31 − 1)కి శేషం 1 మిగులుతుంది. చిన్నదాంతో ముందు చేతివాటం తెచ్చుకోవాలంటే 127 తీసుకుని మూడుసార్లు చెయ్యండి: 2, 4, 16, 256. 256ని 127తో భాగిస్తే శేషం 2. అంటే 2^7 − 1ని 127 భాగిస్తుంది.

బిట్‌లోకం

పది వరసల ప్రోగ్రాము రాసి నడిపాను. 31వ వర్గం దగ్గర 2 వచ్చింది. మధ్యలో గుణకారాలు 64 బిట్లు దాటిపోతాయి, పెద్ద పూర్ణాంకాలు పట్టే భాషలోనే రాయండి.